టికెట్ లేదని నెహ్రూనే ఆపేసింది!

ఆఫీసులో ఏదైనా చిక్కొచ్చిందనుకోండి. పైవాళ్లని అడిగి చెబుతామని తప్పుకోవడం ఎంత తేలికో ఉద్యోగాలు చేసే ఆడవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. రేపు తేడా వస్తే మాట పడేది మనం కాదు కదా అన్న ధీమా! కాకినాడలో ఓ పద్నాలుగేళ్ల పిల్లకి మాత్రం ఆ తెలివి లేకపోయింది.

1923లో అక్కడ కాంగ్రెస్ మహాసభలు జరిగాయి. ఖద్దరు ప్రదర్శన గేటు దగ్గర ఆ పిల్ల వలంటీరు. టికెట్ లేనివాళ్లని లోపలికి పంపకూడదన్నది ఆమెకి ఒప్పజెప్పిన పని. అంతలో జవహర్‌లాల్ నెహ్రూ వచ్చారు. చేతిలో టికెట్ లేదు. ఆపేసింది. నిర్వాహకులు హడావుడిగా వచ్చి చీవాట్లు పెట్టారు. మీరు చెప్పిన పనే నేను చేస్తున్నానని ఆమె సమాధానం. చివరికి టికెట్ కొన్నాకే నెహ్రూ లోపలికి వెళ్లారు. కోపగించుకోకపోగా ఆ పిల్లని మెచ్చుకున్నారు కూడా. ఆమే దుర్గాబాయి.

ఈ కథ మనలో చాలామంది చిన్నప్పుడు విన్నదే. నన్నడిగితే అంతకు రెండేళ్ల ముందు ఆమె చేసిన పని ఇంకా కష్టమైంది. 1921లో గాంధీజీ కాకినాడ వస్తున్నారని తెలిసి, దేవదాసీలూ, బురఖాల్లో ఉండే ముస్లిం స్త్రీలూ ఆయన్ని చూడాలని దుర్గాబాయి పట్టుబట్టింది. నిధికి అయిదువేలు ఇస్తేనే వీలవుతుందన్నారు స్థానిక పెద్దలు. ఆ రోజుల్లో అయిదువేలంటే మాటలా! దేవదాసీల దగ్గరికి వెళ్లి సంగతి చెబితే వాళ్లే ఆ డబ్బు పోగుచేసి ఇచ్చారు. పది నిమిషాలే ఉంటారనుకున్న గాంధీజీ చాలాసేపు మాట్లాడారు. ఆయన మాటల్ని దుర్గాబాయే తెలుగులో చెప్పింది. వింటున్న ఆడవాళ్లు చేతుల గాజులూ, మెళ్లో గొలుసులూ తీసి ఇచ్చేశారు. పన్నెండేళ్ల పిల్లని బజారుకి ఒంటరిగా పంపడానికే మనం వెనకాడతాం.

ఆమె 1909 జులై 15న రాజమండ్రిలో పుట్టింది. ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. పదిహేనో ఏట ఆ కాపురం తనకి వద్దని తనే తేల్చి చెప్పింది. లోకం నోరు మూయించడం ఎవరి తరం? కానీ తండ్రి రామారావు ఆమె వైపే నిలబడ్డారు.

1930 ఉప్పు సత్యాగ్రహం నుంచి మూడేళ్లలో ఆమె మూడుసార్లు జైలుకి వెళ్లారు. మదురై జైల్లో ఒంటరి కొట్లో ఏడాది గడిపారు. ఆరోగ్యం దెబ్బతింది. జైళ్లలో చూసిన ఆడఖైదీల్లో చాలామందికి తమ మీద పెట్టిన కేసేమిటో కూడా తెలియదు. వాళ్ల తరఫున మాట్లాడేవాళ్లుండాలంటే తను లా చదవాలని ఆమె నిశ్చయించుకున్నది అక్కడే. అప్పటికి మెట్రిక్ కూడా కాలేదు! బెనారస్ ద్వారా మెట్రిక్, తర్వాత ఇంటర్ పూర్తిచేసి వాల్తేరు వచ్చారు.

ఇక్కడే ఉంది మన విశాఖవాళ్లు చెప్పుకోవాల్సిన ముచ్చట. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అప్పట్లో ఆడపిల్లలకి హాస్టల్ లేదు. ఆ కారణంతో వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డిగారు సీటివ్వడానికి సందేహించారు. దుర్గాబాయి తిరిగి వెళ్లిపోలేదు. వసతి లేక చదువు మానుకున్న అమ్మాయిలు తనని కలవమని పేపర్లో ప్రకటన ఇచ్చారు. సుమారు పదిమంది ముందుకొచ్చారు. వాళ్లతో కలిసి ఓ చోటు చూసుకుని తామే హాస్టల్ మొదలెట్టారు. అక్కడ ఏం జరిగినా అడగాల్సింది ఆమెనే. తెలిసే నెత్తినేసుకున్నారు. సీటూ వచ్చింది, పొలిటికల్ సైన్స్‌లో పట్టా కూడా వచ్చింది. అప్పటికి ఊరికి దూరంగా ఉన్న పల్లె మన మధురవాడ. ఇప్పుడు ఇక్కణ్నుంచి ఎంతమంది అమ్మాయిలు యూనివర్సిటీకీ, కొండ మీది ఐటీ ఆఫీసులకీ బస్సుల్లో వెళ్లొస్తున్నారో రోజూ చూస్తూనే ఉన్నాం.

తర్వాత మద్రాసులో లా చదివి ప్రాక్టీసు పెట్టారు. 1937లో మొదలుపెట్టిన ఆంధ్ర మహిళాసభ పనులు ఎలాగూ ఉన్నాయి. 1946లో రాజ్యాంగ సభకి వెళ్లారు. అధ్యక్షుడు లేనప్పుడు సభ నడిపే ప్యానెల్‌లో ఉన్న ఏకైక స్త్రీ ఆమే.

1952 ఎన్నికల్లో మాత్రం ఓడిపోయారు. ఓడినావిడ ఇంట్లో కూర్చోలేదు, ప్రణాళికా సంఘం సభ్యురాలయ్యారు. అనాథలు, వితంతువులు, వికలాంగుల కోసం ఊళ్లలో ఎవరికి వారు పనిచేస్తున్న చిన్న చిన్న సంస్థలకి సర్కారు సాయం అందాలన్నది ఆమె పట్టుదల. మొదటి ప్రణాళికలో ఇందుకు 4 కోట్లు కేటాయించారు. 1953 ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడితే తొలి అధ్యక్షురాలు ఆమే. డబ్బు ఫైళ్ల మధ్య నలిగిపోకుండా సంస్థలకి చేరాలని ఆమె తాపత్రయం. ఖర్చయిన ప్రతి రూపాయికీ అడిగితే జవాబు చెప్పుకోవాల్సింది కూడా ఆమే మరి. మధ్యలో చదువాపేసిన ఆడవాళ్లు రెండేళ్లలో పరీక్షకి కూర్చునేలా 1958లో ఆ బోర్డు మొదలెట్టిన కండెన్స్‌డ్ కోర్సుల వల్ల ఎందరో టీచర్లూ నర్సులూ అయ్యారు.

అదే 1953 జనవరిలో ఆర్థిక మంత్రి చింతామణ్ దేశ్‌ముఖ్‌ని రిజిస్టర్ పెళ్లి చేసుకున్నారు. సాక్షుల్లో ఒకరు నెహ్రూ. కాకినాడలో టికెట్ కొనిపించిన సంగతి అప్పుడు గుర్తొచ్చి ఉంటుందా?

ఆ ఏడాదే చైనా వెళ్లి, అక్కడి కుటుంబ కోర్టులు చూశారు. భార్యాభర్తల తగాదాలకి మామూలు కోర్టుల చుట్టూ తిరిగే బాధ తప్పాలని, ఇక్కడా అలాంటివి కావాలని న్యాయమూర్తులతోనూ నెహ్రూతోనూ మాట్లాడారు. ఆమె 1981 మే 9న కన్నుమూశారు. ఫ్యామిలీ కోర్టుల చట్టం 1984లో వచ్చింది. విశాఖలోనూ ఒక ఫ్యామిలీ కోర్టు ఉంది.