కార్ల్ సాగన్: ప్రశ్నకు విలువిచ్చిన మనిషి

ఈ బడిలోనే చదువుకుని, తర్వాత ఇక్కడే సైన్సు మాస్టారుగా పనిచేసి రిటైరయినవాణ్ణి నేను. స్వర్ణోత్సవ సంచికకు ఒక శాస్త్రవేత్త గురించి రాయమని మిత్రులు అడగగానే కార్ల్ సాగన్ గుర్తొచ్చారు. అందుకు కారణం చివర్లో చెబుతాను.

సాగన్ 1934 నవంబరు 9న న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో పుట్టారు. తండ్రి బట్టల పరిశ్రమలో పనిచేసేవారు. నక్షత్రాలంటే ఏమిటని ఆ పిల్లవాడు అడిగితే సరైన జవాబు చెప్పినవాళ్లు లేరు. తల్లి లైబ్రరీ కార్డు ఇప్పించి, వెళ్లి చదువుకోమంది. స్టార్స్ గురించి పుస్తకం కావాలంటే లైబ్రరీలో మొదట సినిమా తారల పుస్తకం చేతికిచ్చారు! అసలు పుస్తకం దొరికాక తెలిసింది, ప్రతి నక్షత్రమూ ఒక సూర్యుడేనని, చాలా దూరంలో ఉండబట్టే చుక్కలా కనిపిస్తోందని. ఆ ఆశ్చర్యం ఆయన్ని జీవితాంతం వదల్లేదు.

1960లో షికాగో విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేటు పొందారు. శుక్రగ్రహం మీది దట్టమైన బొగ్గుపులుసు వాయువు వేడిని బయటికి పోనివ్వదని, అందుకే ఆ నేల మండిపోతూ ఉంటుందని వాదించారు. తర్వాత వెళ్లిన వ్యోమనౌకలు అది నిజమేనని తేల్చాయి. అక్కడి వేడి సుమారు 460 డిగ్రీల సెల్సియస్, అంటే సీసం కరిగిపోయేంత. అంగారకుడి మీద రుతువులతో మారే నల్లని మచ్చలు మొక్కలు కావని, గాలికి కదిలే దుమ్మని కూడా సహచరులతో కలిసి వివరించారు.

హార్వర్డ్ ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1968లో కార్నెల్‌కు మారారు. 1977లో బయలుదేరిన వాయేజర్ నౌకల్లో పెట్టిన బంగారు పూత రికార్డు ఆయన నాయకత్వంలో తయారైందే. అందులో 55 భాషల పలకరింపులున్నాయి, వాటిలో మన తెలుగు ఒకటి. కేసర్‌బాయి కేర్కర్ పాట కూడా ఉంది. 1990 ఫిబ్రవరి 14న, దాదాపు 600 కోట్ల కిలోమీటర్ల దూరం నుంచి వాయేజర్-1 వెనక్కి తిరిగి భూమిని ఫోటో తీసింది. అలా తీయించాలని ఏళ్ల తరబడి పట్టుబట్టింది సాగనే. మనందరం ఉన్న భూమి అందులో ఒక నీలి నలుసు.

1980లో టీవీలో వచ్చిన 13 భాగాల కాస్మోస్ ఆయన్ని ఇంటింటికీ పరిచయం చేసింది. అయితే జనానికి అర్థమయ్యేలా చెప్పడాన్ని తక్కువ పనిగా చూసిన పండితులూ ఉన్నారు. 1992లో అమెరికా జాతీయ సైన్సు అకాడమీ సభ్యత్వానికి ఆయన పేరు వస్తే తిరస్కరించారు. రెండేళ్లకు అదే అకాడమీ ప్రజాసంక్షేమ పతకం ఇచ్చింది. ఎముక మజ్జ జబ్బుతో రెండేళ్లు పోరాడి, 1996 డిసెంబరు 20న, 62 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు.

చివరి రోజుల్లో వచ్చిన ఒక పుస్తకంలో ఆయన రాసిన మాట నన్ను గుచ్చింది. బడిలో తనకు సైన్సు మీద ఉత్సాహం కలిగించిన మాస్టారు ఒక్కరూ గుర్తులేరట. చిన్న తరగతుల పిల్లలు అడిగే ప్రశ్నలు పెద్ద తరగతులకు వచ్చేసరికి ఆగిపోతున్నాయని కూడా బాధపడ్డారు.

అది చదవగానే నా తరగతి గుర్తొచ్చింది. తొమ్మిదో తరగతిలో ఒకమ్మాయి లేచి, సూర్యుడు వాయుగోళమైతే అంచు అంత నున్నగా ఎందుకుంటుందని అడిగింది. నాకు తెలియదు. తెలియదని ఒప్పుకోకుండా, అది పరీక్షలో రాదులే, కూర్చోమన్నాను. ఆ ఏడాది ఆ అమ్మాయి మళ్లీ చెయ్యెత్తలేదు.

అమ్మా, నువ్వు ఈ సంచిక చదువుతున్నావేమో, జవాబు ఇదిగో. సూర్యుడి కేంద్రం నుంచి పైభాగానికి సుమారు 7 లక్షల కిలోమీటర్లు. మన కంటికి చేరే వెలుగు మాత్రం కొన్ని వందల కిలోమీటర్ల మందమున్న పలచని పొర నుంచే వస్తుంది. ఇంత దూరం నుంచి ఆ పొర మనకు ఒక గీతలాగే కనబడుతుంది.

ఆలస్యానికి మీ మాస్టారిని క్షమించు. ఇప్పుడు మన బడిలో పాఠం చెబుతున్నవారిని నేను కోరేది ఒక్కటే. తెలియనప్పుడు తెలియదనండి, రేపు కలిసి వెతుకుదామనండి. ఆ చెయ్యి మాత్రం దించనివ్వకండి.