లోకచరిత్రమును తెలుగింటికి దెచ్చిన లక్ష్మణరావు పంతులుగారు

ఉన్నతపాఠశాల విద్య ముగించి, కళాశాలలో చేరి, చరిత్రము నభ్యసింపనెంచు విద్యార్థికి ఆధునిక ప్రపంచచరిత్రము తొలుత దారి తెలియని మహారణ్యమువలె దోచును. ఫ్రెంచి విప్లవము, అమెరికా అంతర్యుద్ధము, పారిశ్రామిక విప్లవము, రెండు మహాసంగ్రామములు, వీని సంవత్సరములను పేరులను వల్లించుటతోనే దినములు గడచిపోవును. దూరదేశములందు జరిగిన యీ సంగతులతో మనకేమి పని యని పలువురు బాలురు తలంతురు. ఈ ప్రశ్నకు తమ జీవితమునే యుత్తరముగా నొసగిన మహనీయుడు కొమర్రాజు వేంకట లక్ష్మణరావు పంతులుగారు.

వీరు 1877వ సంవత్సరము మే నెల 18వ తేదీన కృష్ణామండలమందలి పెనుగంచిప్రోలు గ్రామమున జన్మించిరి. తండ్రి వేంకటప్పయ్యగారు, తల్లి గంగమ్మగారు. మూడేండ్ల ప్రాయముననే పితృవియోగము సంభవించెను. భువనగిరిలో కొంతకాలము చదివిన పిమ్మట, అక్కగారైన బండారు అచ్చమాంబగారు తమ్ముని తమయొద్దకు గొనిపోయి నాగపురమున విద్య చెప్పించిరి.

ఈ సోదరిని గూర్చి రెండు మాటలు చెప్పక తప్పదు. ఆమె బడికి పోయి చదివినది కాదు. తమ్ముడు చదువుకొనుచుండగా చెంత గూర్చుండి అక్షరములు నేర్చినది. అట్టి యామె 1901వ సంవత్సరమున 'అబలా సచ్చరిత్ర రత్నమాల'యను స్త్రీల చరిత్ర గ్రంథమును వెలువరించెను. మన దేశపు స్త్రీల చరిత్రముల తరువాత ఇంగ్లండు, అమెరికా మున్నగు దేశముల స్త్రీల చరిత్రములను గూడ వ్రాయవలెనని ఆమె సంకల్పించినది గాని, 1905వ సంవత్సరమున అకాలమరణము నొందుటచే ఆ కోరిక తీరలేదు.

లక్ష్మణరావుగారు నాగపురమున మహారాష్ట్రభాషను మాతృభాషవలె నేర్చి, అందు వ్యాసములు గూడ వ్రాసిరి. సంస్కృతము, ఆంగ్లము, హిందీ, ఉర్దూ, వంగభాషలును వారికి దెలియును. ఎం. ఏ. పట్టమునంది, మునగాల సంస్థానమునకు దివానుగా జేరిరి. నెమ్మదిగా నుద్యోగము జేసికొని సుఖముగా నుండుటకు వారికి గొరతయేమియు లేకుండెను. కాని మహారాష్ట్రభాషలో చరిత్రము, శాస్త్రము మొదలగు విషయములపై గ్రంథములు వెలువడుచుండుట కన్నులార జూచియుండుటచే, తెలుగువారికట్టివి లేవన్న చింత వారిని విడువలేదు. ఆంగ్లము రానివానికి ప్రపంచజ్ఞానము మూయబడిన తలుపువలె నుండుట వారికి సహింపరాని యన్యాయముగా దోచెను.

ఆ తలుపు దెరచుటకు వారు మొదట గ్రంథాలయములను, పిమ్మట గ్రంథములను సాధనములుగా గైకొనిరి. 1901వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదు నగరమున శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయము స్థాపితమయ్యెను. రావిచెట్టు రంగారావుగారు, మునగాల ప్రభువులైన నాయని వేంకట రంగారావుగారు ఇందు వారికి దోడ్పడిరి. నైజాము రాజ్యమున తెలుగునకు ఆదరము కొరవడియున్న దినములలో అది సామాన్యమైన పని గాదు. 1904వ సంవత్సరమున మన ప్రాంతమునకు సమీపమున నున్న హనుమకొండలోను రాజరాజనరేంద్రాంధ్రభాషానిలయము వెలసెను.

1906వ సంవత్సరమున హైదరాబాదులో విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని నెలకొల్పిరి. ఆ మండలి మొట్టమొదట బ్రకటించిన గ్రంథమేదియో విద్యార్థులు గమనింపవలెను. అది రాజుల వంశావళియు గాదు, కావ్యమును గాదు. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు రచించిన అబ్రహాము లింకను చరిత్రము. కొయ్యదుంగల గుడిసెలో బుట్టి, అమెరికా దేశాధ్యక్షుడై, 1863వ సంవత్సరమున బానిసల విముక్తికై శాసనము చేసిన వాని కథ తెలుగు పల్లెలకు దెలుగున జేరెను. పరాధీనులై యున్న జనులకు ఆ కథ పరాయిదిగా దోచునా? గ్రంథకర్తయే 1908వ సంవత్సరమున రాజద్రోహమను నేరముపై చెరసాల పాలయ్యెను. అదే యేట మండలి మద్రాసునకు మారెను. చరిత్రములతోపాటు ప్రకృతిశాస్త్రములను గూర్చిన పుస్తకములును ఈ మండలివలన వెలువడినవి. చిలుకూరి వీరభద్రరావుగారి 'ఆంధ్రుల చరిత్రము' ఇచ్చటనే వెలుగు జూచెను.

పంతులుగారు స్వయముగ 'శివాజీ చరిత్రము' మొదలగు గ్రంథములు రచించిరి. వినికిడి కథలను వారు చరిత్రముగా నంగీకరింపలేదు. శాసనములను చదివి, సాక్ష్యమును సాక్ష్యముతో సరిచూచి, అటుపిమ్మటనే నిర్ణయము చేసెడివారు. వారియొద్ద బనిచేసిన మల్లంపల్లి సోమశేఖరశర్మగారు తరువాతికాలమున బ్రసిద్ధ చరిత్రకారులైరి.

తుదకు పంతులుగారు ఒక మహాకార్యమునకు బూనుకొనిరి. లోకమందలి సర్వవిషయములను అకారాదిక్రమమున దెలుపు 'ఆంధ్రవిజ్ఞానసర్వస్వము' అదియే. పండితులచే వ్యాసములు వ్రాయించుచు, అథర్వవేదము, అష్టాధ్యాయి వంటి విషయములపై దామే వ్రాయుచు, మూడు సంపుటములు వెలువరించిరి. వర్ణమాలలోని తొలి యక్షరములు దాటకముందే వారి యారోగ్యము చెడెను. 1923వ సంవత్సరము జూలై 12వ తేదీన మద్రాసులో దేహము చాలించిరి. అప్పటికి వారి వయస్సు నలువదియాఱేండ్లు మాత్రమే. అక్కగారి గ్రంథమువలెనే తమ్ముని గ్రంథమును అసంపూర్ణముగా నిలిచెను. పిమ్మట కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ఆ పనిని మరల జేపట్టిరి.

విద్యార్థులారా! రామగుండము, గోదావరిఖని ప్రాంతముల బాలబాలికలకు ప్రపంచచరిత్రము దూరపు సంగతి యెట్లగును? 1712వ సంవత్సరమున ఇంగ్లండులో న్యూకామెను నిర్మించిన యావిరియంత్రము బొగ్గుగనులలోని నీటిని దోడుటకే పుట్టినది. ఆ యావిరియే మరలను నడపి, పిదప రైళ్లను నడపి, బొగ్గునకై దేశదేశముల వెదకించినది. 1871వ సంవత్సరమున ఇల్లెందు చెంత డాక్టరు కింగు బొగ్గును గనుగొనుటయు, 1886వ సంవత్సరమున ఆంగ్లేయుల కంపెనీ యొకటి యేర్పడుటయు, 1920వ సంవత్సరమున సింగరేణి కంపెనీ వెలయుటయు ఆ కథలోని ఘట్టములే. మీ తండ్రులు గనిలో దిగునప్పుడు ఆ చరిత్రములోనికే దిగుచున్నారు.

కావున కళాశాలలో ఆ గ్రంథమును దెరచునప్పుడు భయపడకుడు. సంవత్సరమును వల్లించుటకు ముందు కారణమును వెదకుడు. చదివినదానిని ఇంటికడ తల్లిదండ్రులకు తేటతెలుగున జెప్పుడు. చెప్పగలిగితిరేని అది మీకు వచ్చినట్లే. పంతులుగారు విడిచిపోయిన పనిలో మీ వంతు అంతటితో మొదలగును.