ఆకాశవాణికి నాంది పలికిన వాల్టర్ కౌఫ్‌మన్

నాటకానికి నాంది ఉన్నట్లు, కావ్యానికి అవతారిక ఉన్నట్లు రేడియో ప్రసారానికి కూడా ఒక ఉపక్రమం ఉన్నది. ప్రసారం ఆరంభమయ్యే ముందు కొద్ది క్షణాలపాటు ఒక చిన్న స్వరరచన వినిపిస్తుంది. దానిని సంకేత రాగం అంటారు. వాడుకలో సిగ్నేచర్ ట్యూన్ అనే పేరు ప్రసిద్ధం. ప్రకటనకర్త కేంద్రం పేరు చెప్పకముందే, తాను వింటున్నది ఏ కేంద్రమో శ్రోతకు ఆ స్వరాలు తెలియజేస్తాయి. తంబురా శ్రుతి మీద వయొలిన్ మెల్లగా ఆలపించే ఆకాశవాణి సంకేత రాగం భారతదేశంలో కొన్ని తరాల ప్రజలకు వేకువ గుర్తుగా నిలిచింది.

వికారాబాదు, తాండూరు ప్రాంతం హైదరాబాదుకు పడమట, కర్ణాటక సరిహద్దుకు చేరువలో ఉన్నది. మూసీ నది పుట్టిన అనంతగిరి కొండలు వికారాబాదు పక్కనే ఉన్నాయి. నాపరాతి గనులకూ కందిపంటకూ తాండూరు పేరు పొందింది. 1874లో వాడి నుండి హైదరాబాదుకు వెలసిన రైలుమార్గం ఈ రెండు ఊళ్ల మీదుగానే సాగుతుంది. ఇక్కడి అంగళ్లలో తెలుగు, ఉర్దూ, కన్నడం మూడు భాషలూ వినిపిస్తాయి. ట్రాన్సిస్టర్లు ఇంటింటికీ చేరిన కాలంలో ఈ సీమవాసులు ముల్లును ఒకవైపు తిప్పితే హైదరాబాదు కేంద్రం, మరొకవైపు తిప్పితే గుల్బర్గా కేంద్రం పలికేవి. ఒకచోట తెలుగు, ఉర్దూ కార్యక్రమాలు. మరొకచోట కన్నడ కార్యక్రమాలు. భాషలు వేరైనా, ఉదయాన ఆ రెండు కేంద్రాలూ మేలుకొన్న రాగం మాత్రం ఒక్కటే. పశువుల కొట్టంలో పాలు పిండుతున్నవారికీ, రైలు కోసం బయలుదేరుతున్నవారికీ, పుస్తకం ముందు కూర్చున్న విద్యార్థికీ అది పొద్దు పొడుపును చాటేది.

సిగ్నేచర్ అనే మాటకు చేవ్రాలు అని అర్థం. త్యాగరాజాది వాగ్గేయకారులు తమ కృతులలో తమ ముద్రను నిలిపి పోయారు. ఆకాశవాణి సంకేత రాగంలో సంస్థ చేవ్రాలు ఉన్నది గాని, దానిని కూర్చిన వ్యక్తి చేవ్రాలు లేదు. ఇన్ని కోట్లమంది ఇన్ని వేల ఉదయాలు విన్న ఆ రచనకు కర్త ఎవరో విన్నవారిలో అత్యధికులకు తెలియదు. ఆ కర్త వాల్టర్ కౌఫ్‌మన్. ఆయన సొంత ఊరిని కోల్పోయి, బొంబాయిలో తలదాచుకున్న పరదేశి.

కౌఫ్‌మన్ 1907వ సంవత్సరం ఏప్రిల్ 1వ తేదీన మధ్య ఐరోపాలోని బొహీమియా ప్రాంతంలో, కార్ల్స్‌బాద్ అనే పట్టణంలో జన్మించారు. వేడినీటి బుగ్గలకు పేరు పొందిన ఆ పట్టణం నాడు ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో ఉండేది. మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక అది చెకొస్లొవాకియాలో చేరింది. నేడు చెక్ గణతంత్రంలో కార్లొవీ వారి అనే పేరుతో ఉన్నది. కౌఫ్‌మన్ కుటుంబం జర్మన్ భాష మాట్లాడే యూదు కుటుంబం. చిన్ననాటనే సంగీతం వైపు మొగ్గిన ఆయన బెర్లిన్ నగరానికి వెళ్లి, ప్రసిద్ధ స్వరకర్త ఫ్రాంజ్ ష్రేకర్ వద్ద స్వరరచన అభ్యసించారు. తరువాత ప్రాగ్ నగరంలోని జర్మన్ విశ్వవిద్యాలయంలో సంగీతశాస్త్రం చదివారు.

ప్రాగ్‌లో ఆయన గుస్తావ్ మాలర్ సంగీతంపై పరిశోధన గ్రంథం సిద్ధం చేశారు. డాక్టరేటు పట్టం చేతికి అందనున్న సమయంలో, తన ఆచార్యులలో ఒకరు అక్కడి నాజీ యువజన సంఘానికి నాయకుడని ఆయనకు తెలిసింది. యూదుల నాశనాన్ని కోరే పక్షంలో ఉన్న వ్యక్తి చేతిమీదుగా వచ్చే పట్టాన్ని స్వీకరించడానికి ఆయన మనస్సు అంగీకరించలేదు. ఏళ్ల తరబడి చేసిన పరిశ్రమ ఫలాన్ని ఆయన వదులుకున్నారు. యువకుడైన పండితునికి ఇది సామాన్యమైన త్యాగం కాదు.

1933లో జర్మనీలో హిట్లర్ అధికారానికి వచ్చాడు. యూదు కళాకారులకు రంగస్థలాల తలుపులు మూసుకుపోయాయి. 1934లో కౌఫ్‌మన్ బొంబాయి ఓడరేవులో దిగారు. భారతదేశానికి ప్రవేశపత్రం సులభంగా దొరకడమే ఆయన ఈ దేశాన్ని ఎంచుకోవడానికి ఒక కారణం. కొద్దికాలం గడిపి మరలిపోవాలన్నది తొలి ఉద్దేశం. ఆ కొద్దికాలం పన్నెండు సంవత్సరాలైంది.

బొంబాయిలో అడుగుపెట్టిన తొలినాళ్లలో ఆయన భారతీయ సంగీతపు గ్రామఫోను రికార్డులు విన్నారు. ఐరోపా సంగీతంలో ఆరితేరిన ఆ చెవికి అది పూర్తిగా అపరిచితంగా తోచింది. ఏమీ బోధపడలేదు. అర్థంకాని దానిని తక్కువదని తోసిపుచ్చడం అధికార జాతుల నుండి వచ్చినవారిలో నాడు సాధారణంగా కనిపించే ధోరణి. కౌఫ్‌మన్ ఆ దారి తొక్కలేదు. హృదయమూ బుద్ధీ కలిగిన మానవులు సృష్టించిన సంగీతమిది, కోట్లాదిమంది దీనిని ప్రేమిస్తున్నారు, కనుక లోపం తన వైపే ఉండాలని ఆయన తర్కించుకున్నారు. సంగీతం పుట్టిన నేలమీదనే దానిని నేర్చుకోవాలని నిశ్చయించుకున్నారు. ఆయన తరువాతి జీవితమంతా ఈ నిశ్చయం మీదనే నిలిచింది.

జీవిక కోసం ఆయన తనకు తెలిసిన విద్యనే ఆశ్రయించారు. బొంబాయి చేరిన కొద్ది నెలలకే చేంబర్ మ్యూజిక్ సొసైటీ అనే సంస్థను స్థాపించారు. తాను పియానో వాయించగా, పార్సీ యువకుడైన మెహ్లీ మెహతా వయొలిన్ వాయించేవారు. అనంతర కాలంలో విశ్వవిఖ్యాతుడైన వాద్యబృంద నిర్దేశకుడు జూబిన్ మెహతా ఈ మెహ్లీ మెహతా కుమారుడే. తొలుత పలుచని సభలతో ఆరంభమైన ఈ సంస్థ 1937 నాటికి వందకు పైగా కచేరీలు జరిపింది. మోహన్ భవనాని నిర్మించిన చలనచిత్రాలకు కూడా కౌఫ్‌మన్ సంగీతం సమకూర్చారు. మరొకవైపు భారతీయ రాగాల అధ్యయనం సాగించారు. శాస్త్రీయ సంగీతంతో ఆయన తృప్తి చెందలేదు. గోండు, బైగా గిరిజనుల పాటలను పరిశీలించి 1941లో ఒక వ్యాసం ప్రకటించారు.

అదే కాలంలో ఈ దేశంలో రేడియో నిలదొక్కుకుంటున్నది. 1927లో బొంబాయిలో ఒక ప్రైవేటు సంస్థ ఆరంభించిన ప్రసారాలు 1930లో ప్రభుత్వం చేతికి వచ్చాయి. 1936 జూన్ 8న ఆ వ్యవస్థకు ఆల్ ఇండియా రేడియో అనే పేరు వచ్చింది. కౌఫ్‌మన్ బొంబాయి కేంద్రంలో పాశ్చాత్య సంగీత విభాగానికి అధిపతిగా 1937 నుండి 1946 వరకు పనిచేశారు. సంకేత రాగాన్ని ఆయన 1936 ప్రాంతంలో కూర్చినట్లు చెబుతారు. అందులోని వయొలిన్ మెహ్లీ మెహతాదని ప్రసిద్ధి. ఈ రచనకు వేరొకరి పేరు చెప్పేవారూ లేకపోలేదు గాని, అధికుల అభిప్రాయం కౌఫ్‌మన్ వైపే ఉన్నది.

సంకేత రాగం కేవలం అలంకారం కాదు. నాటి వాల్వు రేడియో మీట నొక్కగానే పలికేది కాదు. లోపలి వాల్వులు వేడెక్కడానికి కొంత సమయం పట్టేది. తరువాత శ్రోత గుండ్రని మీటను మెల్లగా తిప్పుతూ, గరగర శబ్దాల నడుమ తనకు కావలసిన కేంద్రాన్ని వెదకుకోవాలి. ఆ వెదకులాటలో అతనికి దారి చూపేది సంకేత రాగమే. అందువల్ల అది చిన్నదిగా ఉండాలి, మళ్లీ మళ్లీ వినిపించినా విసుగు పుట్టించరాదు, గాలివానల రొదలో సైతం గుర్తుపట్టేటట్లు ఉండాలి. రెండవ ప్రపంచయుద్ధకాలంలో బి.బి.సి. మూడు పొట్టి దరువులు, ఒక పొడుగు దరువు గల మద్దెల ధ్వనిని ఐరోపా ప్రసారాలకు సంకేతంగా వాడింది. శత్రువుల ఆక్రమణలో ఉన్న దేశాలలో తలుపులు మూసుకొని రహస్యంగా రేడియో వినేవారికి ఆ నాలుగు దరువులే ఆశను కలిగించాయి. సంకేతం ఎంత చిన్నదైనా దాని శక్తి చిన్నది కాదు.

కౌఫ్‌మన్ తన రచనకు శివరంజని రాగాన్ని ఆధారం చేసుకున్నారు. షడ్జమం, రిషభం, గాంధారం, పంచమం, ధైవతం అనే అయిదు స్వరాలే ఇందులో ఉంటాయి. మధ్యమ నిషాదాలు వర్జ్యాలు. కర్ణాటక సంప్రదాయంలో దీనిని 22వ మేళకర్త అయిన ఖరహరప్రియకు జన్యంగా చెబుతారు. హిందుస్తానీ, కర్ణాటక సంప్రదాయాలు రెండింటా వినిపించే రాగం కాబట్టి ఉత్తర దక్షిణ భేదం లేకుండా ఇది అందరిదీ కాగలిగింది. శివరంజనికి కరుణ ప్రధాన రసం. ఉత్సాహంగా మేల్కొలపవలసిన స్వరాలలో సన్నని విషాదపు జీర వినిపించడానికి రాగస్వభావం ఒక కారణం. దాని వెనుక కర్త హృదయం కూడా ఉన్నదేమోనని ఆయన జీవితం తెలిసినవారికి తోచకమానదు.

భారతీయ నామం గల అనసూయ అనే సంగీత రూపకాన్ని కౌఫ్‌మన్ రేడియో కోసం రచించగా, అది 1938 అక్టోబరులో బొంబాయి కేంద్రం నుండి ప్రసారమైంది. అదే అక్టోబరులో హిట్లర్ సైన్యాలు ఆయన జన్మస్థలమైన కార్ల్స్‌బాద్‌ను ఆక్రమించాయి. 1939 మార్చిలో ప్రాగ్ నగరం కూడా వారి వశమైంది. తిరిగి వెళ్లడానికి ఇక సొంత ఊరు లేదు. ఆయన భార్య గెర్టీ సుప్రసిద్ధ రచయిత ఫ్రాంజ్ కాఫ్కాకు మేనకోడలు. కాఫ్కా ముగ్గురు సోదరీమణులూ, అంటే గెర్టీ తల్లీ ఇద్దరు పినతల్లులూ, నాజీల నిర్బంధంలో అసువులు బాశారు. బొంబాయిలో ప్రతి ఉదయం ఆ సంకేత రాగం ఎన్నో లోగిళ్లను మేల్కొలుపుతున్న కాలంలోనే, దానిని కూర్చిన వ్యక్తి కుటుంబం ఇంతటి దుఃఖం అనుభవించింది.

యుద్ధం ముగిశాక 1946లో కౌఫ్‌మన్ భారతదేశం విడిచి ఇంగ్లండు వెళ్లారు. మరుసటి సంవత్సరం కెనడా చేరి హాలిఫాక్స్‌లోని సంగీత కళాశాలలో పియానో బోధించారు. అనంతరం విన్నిపెగ్ నగరంలో కొత్తగా ఏర్పడిన సింఫనీ వాద్యబృందానికి నిర్దేశకులై, దాదాపు పది సంవత్సరాలు దానిని నడిపించారు.

ఆయన వెళ్లిపోయిన తరువాతనే ఆయన రాగం హైదరాబాదు రాష్ట్రానికి అధికారికంగా వచ్చింది. అంతకుముందు ఈ సీమకు నిజాం ప్రభుత్వ ఆధ్వర్యంలోని దక్కన్ రేడియో ఉండేది. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలిసింది. 1950 ఏప్రిల్ 1న దక్కన్ రేడియో ఆల్ ఇండియా రేడియోలో విలీనమైంది. దేశమంతటా మోగుతున్న సంకేత రాగం నాటి నుండి హైదరాబాదు కేంద్రానికీ నాంది అయింది. వికారాబాదు, తాండూరు సీమ కొత్త దేశంతో ఏకమైనదని చెప్పిన అనేక గుర్తులలో ఇది ఒకటి. అప్పుడు దాని కర్త సముద్రాల ఆవల, మంచు కప్పిన విన్నిపెగ్‌లో ఉన్నారు.

1957లో కౌఫ్‌మన్ అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయంలో సంగీతశాస్త్ర ఆచార్యులుగా చేరారు. బొంబాయిలో మొదలైన అధ్యయనం అక్కడ గ్రంథరూపం ధరించింది. ఉత్తర భారత రాగాలపై ఆయన గ్రంథం 1968లోను, దక్షిణ భారత రాగాలపై గ్రంథం 1976లోను వెలువడ్డాయి. ఒకనాడు తన చెవికి కొరుకుడు పడని సంగీతాన్ని ఆయన పాశ్చాత్య విద్యార్థులకు బోధించగల స్థితికి చేరుకున్నారు. ప్రాగ్‌లో పట్టం వదులుకున్న పండితుడు విద్వాంసుల గౌరవాన్ని తన కృషితోనే పొందారు. 1977లో ఉద్యోగ విరమణ చేసి, 1984 సెప్టెంబరు 9న బ్లూమింగ్టన్ నగరంలో కన్నుమూశారు.

కౌఫ్‌మన్ ఎన్నో సింఫనీలు, సంగీత నాటకాలు రచించారు. వాటిలో చాలా రచనలు నేడు అరుదుగా వినిపిస్తాయి. నిమిషం నిడివి కూడా లేని స్వరకల్పన మాత్రం కోట్లాది హృదయాలలో నిలిచిపోయింది. అందులో మాట లేదు కాబట్టి ఏ భాషవారికీ అది పరాయిది కాలేదు. తాండూరు సరిహద్దులో తెలుగువారూ, కన్నడిగులూ, ఉర్దూ మాట్లాడేవారూ దానిని తమ ఇంటి శబ్దంగానే విన్నారు. సొంత ఇల్లు కోల్పోయిన మనిషి ఇన్ని ఇళ్లకు వేకువను అందించారు. తనకు తెలియని సంగీతం ఎదురైనప్పుడు దానిని నిందించక, తన చెవిని దిద్దుకున్న వినయమే ఆయనకు ఆ శక్తిని ప్రసాదించింది. పరుల భాషను, కళను, ఆచారాన్ని చూసే ప్రతివారూ అలవరచుకోదగిన గుణం అది.