బరువుకు కొలత పెట్టిన ఖలీఫా
హజ్రత్ ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (రహ్మలై)

తూర్పు కనుమల్లో, అల్లూరి సీతారామరాజు జిల్లాలో గూడెం కొత్తవీధి మండలం ఉంది. అక్కడ కాఫీ తోటలు, మిరియాల తీగలు, వాగులు, లోతైన లోయలు ఉన్నాయి. రోడ్డు ఉన్న ఊరికి జీపు వెళుతుంది. రోడ్డు లేని గూడెం నుంచి రోగిని డోలీలో మోసుకురావలసిందే. ఈ మన్యం కొండల్లో జీపు ఎక్కలేని చోట్ల సంత సరుకు, బియ్యం బస్తా మనుషుల భుజాల మీదో, కొండ గుర్రాల వీపు మీదో పైకి చేరతాయి.

ఇలాంటి దారుల గురించి దివ్య ఖుర్‌ఆన్‌లోని నహ్ల్ సూరా ప్రారంభంలోనే ప్రస్తావన ఉంది. మనం ఎంతో ప్రయాసపడితే తప్ప చేరుకోలేని చోట్లకు ఈ పశువులు మన బరువులను మోసుకుపోతున్నాయని, గుర్రాలను, కంచరగాడిదలను, గాడిదలను మన స్వారీ కోసం పుట్టించినవాడు అల్లాహ్‌యేనని ఆ వాక్యాలు గుర్తు చేస్తాయి. అన్‌ఆమ్ సూరాలోనైతే భూమిపై సంచరించే ప్రతి జంతువూ, రెక్కలతో ఎగిరే ప్రతి పక్షీ మనలాంటి సముదాయాలేనని ఉంది. పశువు మన అవసరానికి పనికొచ్చే సృష్టి. అదే సమయంలో తన ప్రభువు ముందు తనకంటూ స్థానం ఉన్న సృష్టి కూడా. ఈ రెండూ కలిపి చదివినప్పుడు ఒక ప్రశ్న పుడుతుంది. దాని వీపు మీద ఎంత బరువు పెట్టవచ్చు?

దయ చూపండి అని చెప్పడం సులువు. ఎంత అన్నది తూకం వేసి చెప్పడం కష్టం. సుమారు 1300 సంవత్సరాల క్రితం ఆ తూకం చెప్పిన పాలకుడు హజ్రత్ ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (రహ్మలై). ఆ మహనీయుని జీవితంలోని ఈ కోణాన్ని ఈ నెల పాఠకుల ముందు ఉంచుతున్నాం.

పాలమ్మే ఇంటి వంశాంకురం

ఆయన ఉమయ్యా రాజవంశానికి చెందినవారు. తండ్రి అబ్దుల్ అజీజ్ బిన్ మర్వాన్ ఈజిప్టు గవర్నర్. తల్లి ఉమ్మె ఆసిమ్, రెండవ ఖలీఫా హజ్రత్ ఉమర్ ఫారూఖ్ (రజి) మనవరాలు. ఆమె తల్లి గురించి చరిత్రకారులు రాసిన వృత్తాంతం మన ఇళ్లలో అందరికీ తెలిసిందే. ఒక రాత్రి హజ్రత్ ఉమర్ (రజి) మదీనా వీధుల్లో తిరుగుతుండగా ఒక ఇంట్లో తల్లి పాలలో నీళ్లు కలపమని కూతురికి చెబుతోంది. ఖలీఫా చూడకపోయినా అల్లాహ్ చూస్తున్నాడంటూ కూతురు ఒప్పుకోలేదు. ఆ అమ్మాయిని హజ్రత్ ఉమర్ (రజి) తన కుమారుడు ఆసిమ్‌కిచ్చి వివాహం చేశారు. ఆ దంపతుల కుమార్తె ఉమ్మె ఆసిమ్. ఆమె కడుపున పుట్టినవారే మన కథానాయకులు.

ముత్తాత నుంచి ఆయనకు పేరు ఒక్కటే రాలేదు. హజ్రత్ ఉమర్ ఫారూఖ్ (రజి) ఒంటె వీపు మీది పుండును చేత్తో తడిమి చూసి, నీకు కలిగిన బాధ గురించి నన్ను అడుగుతారేమోనని భయంగా ఉందని ఆ మూగజీవితో అనేవారని చరిత్ర గ్రంథాల్లో ఉంది. ఆ భయమే వారసత్వంగా ముని మనవడికి అందింది.

బాల్యంలో ఆయన ఒకసారి తండ్రి గుర్రపుశాలలోకి వెళ్లారు. అక్కడ ఒక జంతువు తన్నడంతో నుదుటిపై గాయమైంది. ఆ మచ్చ జీవితాంతం ఉండిపోయింది. అందుకే చరిత్రలో ఆయనకు ఉమయ్యా వంశంలోని మచ్చ గల మనిషి అనే పేరు వచ్చింది. పశువు కాలి దెబ్బ గుర్తును ముఖాన మోసిన ఆ బాలుడే పెద్దవాడై పశువుల హక్కులకు కాపలాదారు కావడం అల్లాహ్ వివేకం కాక మరేమిటి?

ప్రవక్త (స) పట్టణంలో

చదువు కోసం తండ్రి ఆయన్ను మదీనాకు పంపారు. సాలిహ్ బిన్ కైసాన్, ఉబైదుల్లాహ్ బిన్ అబ్దుల్లాహ్ వంటి పండితుల వద్ద ఆయన విద్య నేర్చుకున్నారు. తర్వాత ఖలీఫా అబ్దుల్ మలిక్ కుమార్తె ఫాతిమాను వివాహమాడారు. హిజ్రీ 87 (క్రీ.శ. 706)లో మదీనా గవర్నర్ అయ్యారు. రాగానే పట్టణంలోని పదిమంది ధర్మవేత్తలను పిలిచి సలహా మండలిగా ఏర్పరచుకున్నారు. మస్జిదె నబవీ విస్తరణ ఆయన పర్యవేక్షణలోనే జరిగింది.

మదీనా అంటే దైవప్రవక్త (స) బోధలు ఇంటింటా సజీవంగా ఉన్న చోటు. పిల్లిని కట్టేసి, తిండి పెట్టకుండా, తానుగా వెతుక్కుని తిననివ్వకుండా చంపిన స్త్రీ నరకం పాలైన సంగతి, దప్పికతో మట్టి నాకుతున్న కుక్కకు తన మేజోడుతో నీళ్లు తోడి తాగించిన మనిషిని అల్లాహ్ మన్నించిన సంగతి అక్కడి పిల్లలకు కూడా తెలుసు. ఒక అన్సారీ తోటలో ఒంటె దైవప్రవక్త (స)ను చూసి కన్నీరు పెట్టుకోగా, ఆయన దాని తల నిమిరి యజమానిని పిలిపించారు. తిండి సరిగా పెట్టకుండా, అలసిపోయేలా పని చేయిస్తున్నావని అది ఫిర్యాదు చేస్తోందని మందలించారు. ఆగి ఉన్న జంతువు వీపు మీద కూర్చుని కబుర్లు చెప్పుకోవద్దని, వాటి వీపులను వేదికలుగా చేసుకోవద్దని వారించారు. ప్రయాణంలో మజిలీ చేసినప్పుడు ఒంటెల మీది బరువు దించిన తర్వాతే తాము నమాజుకు నిలబడేవాళ్లమని హజ్రత్ అనస్ (రజి) తెలిపారు.

ఈ చివరి మాట దగ్గర మనం కాస్త ఆగాలి. నమాజు కంటే గొప్ప ఆరాధన ఏముంది? అయినా ముందు పశువు వీపు ఖాళీ కావాలి. సహాబాలు ధర్మాన్ని అర్థం చేసుకున్న తీరు అది.

రాచగుర్రాలు వద్దన్న ఖలీఫా

హిజ్రీ 99 (క్రీ.శ. 717)లో ఖలీఫా సులైమాన్ మరణించారు. ఆయన వీలునామా తెరిచి చూస్తే అందులో ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ పేరు ఉంది. అంతవరకు ఆయన ఖరీదైన బట్టలకు, సుగంధ ద్రవ్యాలకు పేరు పొందిన రాకుమారుడు. ఆ రోజు నుంచి మరో మనిషి.

ఖననం పూర్తికాగానే అలంకరించిన రాచగుర్రాలను, ఒక్కొక్కదానికి ఒక సేవకుడితో సహా తెచ్చి నిలబెట్టారు. ఇవి ఖలీఫా వాహనాలని చెప్పారు. ఆయన వద్దని, తన కంచరగాడిదను తెమ్మన్నారు. ఆ గుర్రాలను అమ్మించి సొమ్మును బైతుల్ మాల్‌లో (ప్రజాధనాగారంలో) జమ చేయించారు. భార్య ఫాతిమా నగలు కూడా అక్కడికే చేరాయి. బంధువులు అక్రమంగా పొందిన భూములను వెనక్కి ఇప్పించారు. జనం చేత కూలి లేకుండా చేయించే వెట్టిచాకిరిని నిషేధించారు.

ఈ చివరి విషయం మన్యం ప్రజలకు పుస్తకాల ద్వారా తెలుసుకోవలసినది కాదు. బ్రిటిష్ పాలనలో గూడెం ప్రాంతంలో రోడ్డు పనులకు గిరిజనులను బలవంతంగా, అరకొర కూలికి వాడుకోవడం 1922–24 మన్యం తిరుగుబాటుకు ఒక కారణం. నోరున్న మనిషి చివరికి తిరగబడగలడు. నోరులేని పశువు ఏం చేస్తుంది?

ఈజిప్టుకు వెళ్లిన ఆజ్ఞ

ఈజిప్టులో ఒక్కో ఒంటెపై వెయ్యి రతల్‌ల (ఆనాటి తూకం) బరువు వేస్తున్నారని ఖలీఫాకు తెలిసింది. రాజధాని డమాస్కస్‌కూ ఈజిప్టుకూ మధ్య ఎన్నో రోజుల ప్రయాణం. ఆ ఒంటెలను ఆయన చూడలేదు. అయినా ఊరుకోలేదు. తన లేఖ అందిన తర్వాత ఏ ఒంటెపైనా ఆరు వందల రతల్‌లకు మించి వేయరాదని అక్కడి అధికారి హయ్యాన్‌కు ఆజ్ఞ పంపారు. అంటే ఐదు పాళ్ల బరువులో రెండు పాళ్లు తగ్గించినట్టు.

ఇంకో ఆజ్ఞ తపాలా జంతువుల గురించి. వాటికి బరువైన కళ్లేలు వేయరాదని, కొనకు ఇనుప ముల్లు ఉన్న కర్రతో పొడవరాదని ఆదేశించారు. అవసరం లేకుండా గుర్రాలను పరుగెత్తించడాన్ని కూడా వారించారు.

దైవప్రవక్త (స) హదీసులు కాలగర్భంలో కలిసిపోకుండా సేకరించి రాయమని మదీనా పండితుడు అబూ బక్ర్ బిన్ హజ్మ్‌కు ఆదేశం పంపిన ఖలీఫా కూడా ఈయనే. హదీసును కాగితం మీదికి ఎక్కించడంతో ఆయన పని అయిపోలేదు. ఒంటె వీపు మీద నుంచి బరువు దించే వరకు దాన్ని తీసుకువెళ్లారు. జంతువుల విషయంలో అల్లాహ్‌కు భయపడమన్న ప్రవక్త (స) హితవు ఆయన చేతిలో ఆరు వందలు అనే అంకెగా మారింది. అంకె ఉంటే అధికారి తనిఖీ చేయగలడు. అంకె లేకపోతే ప్రతి యజమానీ తాను దయగలవాణ్ణనే అనుకుంటాడు.

అర దిర్హమ్ లాభం, మూడు రోజుల విశ్రాంతి

ఖలీఫా సేవకుడు ఒకరు ఆయన కంచరగాడిదను కిరాయికి తిప్పి రోజుకు ఒక దిర్హమ్ తెచ్చేవాడు. ఒక రోజు ఒకటిన్నర దిర్హమ్ తెచ్చాడు. ఇదెలా వచ్చిందని ఖలీఫా అడిగారు. ఈ రోజు బజారులో గిరాకీ బాగుందని సేవకుడు జవాబిచ్చాడు. అలా కాదు, నువ్వు దాన్ని అలసిపోయేలా చేశావని, దానికి మూడు రోజులు విశ్రాంతి ఇవ్వమని ఖలీఫా ఆజ్ఞాపించారు.

ఎక్కువ సంపాదన చూస్తే ఏ ఇంటి యజమాని అయినా సంతోషిస్తాడు. ఈయనకు మాత్రం ఆ అర దిర్హమ్‌లో పశువు చెమట కనిపించింది. అర దిర్హమ్ కోసం మూడు దిర్హమ్‌ల ఆదాయం వదులుకున్నారు. దయకు ఖర్చు ఉందని, ఆ ఖర్చు యజమానే భరించాలని ఆయన తన జేబు నుంచే నేర్పారు.

మరోసారి ఆయనకు తేనె తినాలనిపించింది. భార్య ఫాతిమా తపాలా జంతువుపై మనిషిని బాలబక్‌కు పంపి తేనె తెప్పించారు. ఆ సంగతి తెలియగానే ఆయన తేనెను అమ్మించారు. పెట్టిన డబ్బు ఇంటికి ఇచ్చి, మిగిలినది బైతుల్ మాల్‌లో వేయించారు. తన నోటి రుచి కోసం ప్రజల పశువును శ్రమ పెట్టారని బాధపడ్డారు.

హిజ్రీ 101 రజబ్ (క్రీ.శ. 720)లో, నలభై ఏళ్లకు కాస్త అటూ ఇటూ వయసులో, సిరియాలోని దైర్ సిమ్‌ఆన్‌లో ఆయన కన్నుమూశారు. పాలించింది సుమారు రెండున్నర సంవత్సరాలే. ఆయన కాలంలో తోడేళ్లు గొర్రెల జోలికి వెళ్లేవి కావని కాపరులు చెప్పుకున్నారట. ఆ మాటను జనం ప్రేమకు గుర్తుగా భావించినా, ఒంటెల మీద బరువు తగ్గిన మాట మాత్రం చరిత్ర.

ఆయన వేసిన బాటలోనే తర్వాతి పండితులు నడిచారు. హిజ్రీ 660 (క్రీ.శ. 1262)లో మరణించిన ఇమామ్ ఇజ్జుద్దీన్ బిన్ అబ్దుస్సలామ్ (రహ్మలై) పశువుకు యజమానిపై ఉన్న హక్కులను ఒక జాబితాగా రాశారు. ముసలిదైనా, జబ్బుపడినా, పనికిరాకుండా పోయినా దాన్ని పోషించడం ఆ హక్కుల్లో ఒకటి.

మన వంతు

మన దేశంలో 1960లో జంతు హింస నిరోధక చట్టం వచ్చింది. దాని కింద 1965లో చేసిన నియమాల ప్రకారం గాడిదపై 50 కిలోలు, తట్టు గుర్రంపై 70 కిలోలు, కంచరగాడిదపై 200 కిలోలు, ఒంటెపై 250 కిలోలకు మించి వేయరాదు. రోజుకు తొమ్మిది గంటలకు మించి పని చేయించరాదు. ముళ్లున్న కర్రలు, ముళ్లున్న కళ్లేలు వాడరాదు. ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (రహ్మలై) లేఖలు చదివిన ముస్లింకు ఈ నియమాలు కొత్తవిగా అనిపించవు. కొండ దారిన తట్టు గుర్రంపై 50 కిలోల బియ్యం బస్తా ఒకటి వేయవచ్చు. రెండోది వేస్తే 30 కిలోలు ఎక్కువవుతుంది. ఎక్కే దారి ఎంత నిటారుగా ఉంటే ఆ ముప్పై కిలోలు అంత బరువు.

ప్రియ సోదర సోదరీమణులారా! మనలో చాలామందికి గుర్రం లేదు, ఒంటె లేదు. కానీ బక్రీదుకు మేకను, గొర్రెను కొంటాం. సంత నుంచి వాటిని కాళ్లు కట్టి, ఒకదానిపై ఒకటి కుక్కి తెచ్చే బండిలో మన ఖుర్బానీ జంతువు కూడా ఉంటుంది. విశాలంగా నిలబెట్టి తెస్తే బండి కిరాయి ఎక్కువవుతుందని వ్యాపారి అంటాడు. నిజమే, ఎక్కువవుతుంది. అదే మన అర దిర్హమ్. దాన్ని మనమే ఇవ్వాలి. ఇంటికి తెచ్చిన జంతువుకు నీడ, నీళ్లు, మేత ఇవ్వాలి. కత్తిని ముందే పదును పెట్టుకోవాలి, అదీ దాని కళ్ల ముందు కాదు. ఒక జంతువు చూస్తుండగా మరో దాన్ని జిబహ్ చేయకూడదు. చక్కగా జిబహ్ చేయమన్నది దైవప్రవక్త (స) ఆదేశం. ఆ చక్కదనం కత్తి దగ్గర కాదు, సంత దగ్గరే మొదలవ్వాలి.

పిల్లలు వీధి కుక్కపై రాయి విసిరితే నవ్వి ఊరుకోవద్దు. ఎద్దుల బండి నడిపే సోదరుడు బరువు వేసేముందు ఒకసారి వాటి మెడ మీది పుండు చూసుకోవాలి. సరుకు మోయించుకునే వ్యాపారి, మోసే పశువు తనది కాదు కదా అనుకోవద్దు. ఈజిప్టు ఒంటెలు ఖలీఫా సొంతం కాదు. అయినా వాటి గురించి తనను అడుగుతారని ఆయన భయపడ్డారు.

ఆ విచారణ రోజు మూగజీవాలకూ న్యాయం జరుగుతుందని మన విశ్వాసం. ఆ రోజు మన త్రాసులోకి వచ్చే బరువుల్లో మనం వాటి వీపు మీద వేసిన బరువు కూడా ఉండవచ్చు. మన చేతి కింద ఉన్న ప్రతి జీవి పట్ల న్యాయంగా మెలిగే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.