మూసీ లెక్క తేల్చిన మోక్షగుండం

అల్మాస్‌గూడ: ఏటా సెప్టెంబరు 15న ఇంజినీర్ల దినోత్సవం పేరిట దేశం స్మరించుకునే మోక్షగుండం విశ్వేశ్వరయ్యకు భాగ్యనగరం మరువరాని రుణపడి ఉంది. వరద పోయిన తర్వాత నదిని లెక్కగట్టి, దాని స్వభావాన్ని ఈ నగరానికి తెలియజెప్పిన ఘనత ఆయనది.

ఆయన పూర్వీకులది గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం గ్రామం. జన్మస్థలం కర్ణాటకలోని ముద్దెనహళ్లి. బాల్యంలోనే తండ్రిని కోల్పోయినా పట్టుదలతో చదివి 1881లో బెంగళూరులో బీఏ, 1883లో పుణెలో ఇంజినీరింగ్‌ పూర్తి చేశారు. మరుసటి ఏడాది బొంబాయి ప్రజాపనుల శాఖలో చేరారు. ఖడక్‌వాస్లా జలాశయానికి ఆయన రూపొందించిన స్వయంచాలక గేట్లు విశేష ఖ్యాతి తెచ్చాయి.

788 చెరువులు.. 221 గండ్లు

1908 సెప్టెంబరు 28న మూసీ ఉప్పొంగి వేలాది మందిని బలిగొంది. విదేశీ పర్యటనలో ఉన్న విశ్వేశ్వరయ్యను నిజాం ప్రభుత్వం ఆహ్వానించగా 1909లో ఆయన నగరానికి వచ్చారు. నగరానికి ఎగువన 862 చదరపు మైళ్ల పరీవాహకంలో 788 చెరువులున్నాయని, అంటే దాదాపు మైలుకొకటి చొప్పున ఉన్నాయని తేల్చారు. వాటిలో 221 తెగిపోయాయి. వరద ఉద్ధృతి 4,25,000 క్యూసెక్కులుగా గణించారు. మామూలు ఏళ్లలో నదికి చేరకుండా చెరువులు ఆపే నీరు, కట్టలు తెగిన నాడు వరదకు తోడవుతుంది. కనుక చెరువులను విడిచి నదిని అంచనా వేయడం అసాధ్యం. ఆయన సూచనల ఫలితంగానే 1920లో ఉస్మాన్‌సాగర్‌, 1927లో హిమాయత్‌సాగర్‌ పూర్తయ్యాయి.

సహజ ప్రవాహం తేలేదిలా

నదిలో కనిపించే నీరే నది మొత్తం నీరు కాదు. కొలిచిన ప్రవాహానికి ఎగువన సాగుకు, తాగునీటికి మళ్లించినది, జలాశయాల్లో నిలిచినది, ఆవిరైనది కలిపితేనే సహజ ప్రవాహం తెలుస్తుంది. మూసీ కలిసే కృష్ణా విషయంలో 1969లో ఏర్పడిన బచావత్‌ ట్రైబ్యునల్‌ కూడా విజయవాడ వద్ద కొలిచిన నీటికి ఎగువ వాడకాన్ని జోడించి, 75 శాతం విశ్వసనీయతతో 2,060 టీఎంసీలు లభిస్తాయని నిర్ధారించింది. రాష్ట్రాల వాటాలకు ఆ అంకెే పునాది అయింది. లెక్కలో వాడకం తగ్గితే నది చిన్నదిగా, పెరిగితే పెద్దదిగా కనిపిస్తుంది. నష్టపోయేది ఆయకట్టు రైతే.

చెదిరిన గొలుసు

హైదరాబాద్‌ పని అనంతరం విశ్వేశ్వరయ్య మైసూరు చీఫ్‌ ఇంజినీరుగా వెళ్లి, 1912 నుంచి 1918 వరకు దివానుగా పనిచేశారు. 1955లో భారతరత్న అందుకున్నారు. నూరేళ్ల నిండు జీవితం గడిపి 1962లో కన్నుమూశారు.

నగరానికి ఆగ్నేయాన ఉన్న అల్మాస్‌గూడ ఆనాటి 788 చెరువుల లెక్కలోకి రాదు. అయినా ఇక్కడి వాననీటికీ చివరి గమ్యం మూసీయే. 2020 అక్టోబరులో మీర్‌పేట పరిసర కాలనీలు నీట మునిగినప్పుడు చెరువుల విలువ మరోసారి తెలిసివచ్చింది. చెరువు చెరిగిపోయినా దానిలోకి రావలసిన నీరు రాక మానదు. ఆ నీటికి దారి చూపాలంటే ముందుగా చెరువులను లెక్కించాలన్నదే విశ్వేశ్వరయ్య పని నేర్పే పాఠం.