ఆంధ్ర పితామహుడు మాడపాటి హనుమంతరావు

ఇరవయ్యవ శతాబ్ది ప్రథమార్ధంలో కామారెడ్డి, ఎల్లారెడ్డి హైదరాబాదు సంస్థానంలోని నిజామాబాదు జిల్లాకు చెందిన తాలూకాలు. అక్కడి ఇళ్ళలోనూ, పొలాల్లోనూ, సంతల్లోనూ వినిపించే భాష తెలుగు. తాలూకా కచేరీ గడప దాటి లోపలికి అడుగు పెడితే వినిపించేది ఉర్దూ. న్యాయస్థానంలో వాది తన గోడును తెలుగులో చెప్పుకొనేవాడు; తీర్పు మాత్రం అతనికి అర్థం కాని భాషలో వెలువడేది. సర్కారు బడిలోనూ ఇదే స్థితి. కింది తరగతులలో కొంత తెలుగు నేర్పినా, పై తరగతులకు పోయేకొద్దీ గణితమూ, చరిత్రా, ప్రకృతి శాస్త్రమూ ఉర్దూలోనే అభ్యసించవలసి వచ్చేది. సంస్థాన ప్రజలలో దాదాపు సగం మంది తెలుగువారే అయినా, ఆ భాషలో ఉన్నత పాఠశాల చదువు పూర్తి చేసే దారి వారికి లేదు. ఆ దారిని వేయడానికి జీవితాన్ని ధారపోసిన వారిలో అగ్రగణ్యుడు మాడపాటి హనుమంతరావు.

ఆయన 1885 జనవరి 22న నాటి కృష్ణా జిల్లా నందిగామ తాలూకాలోని ఎర్రుపాలెంలో జన్మించారు. తండ్రి వెంకటప్పయ్య, తల్లి వెంకట సుబ్బమ్మ. బాల్యంలోనే తండ్రిని కోల్పోవడంతో సూర్యాపేటలో మేనమామల సంరక్షణలో పెరిగారు. ఆ విధంగా ఇంగ్లీషు ప్రభుత్వపు జిల్లాలో పుట్టిన బాలుడు నిజాం రాజ్యంలో విద్యార్థి అయ్యాడు. ఉర్దూ, పారశీక భాషలను కేవలం పరీక్షల కోసం కాక, ప్రీతితో అభ్యసించారు. సంస్కృతాంధ్రాలలోనూ, ఇంగ్లీషులోనూ చక్కని ప్రవేశం సంపాదించారు. హనుమకొండలో విద్య ముగించి, అక్కడే విద్యాశాఖలో గుమాస్తాగా కుదిరారు. కొంతకాలానికి హైదరాబాదు చేరి ప్రభుత్వ న్యాయశాఖలో అనువాదకులుగా పనిచేశారు. తరువాత న్యాయశాస్త్ర పరీక్షలో ఉత్తీర్ణులై, ఉద్యోగం వదలి స్వతంత్రంగా వకీలు వృత్తిని చేపట్టారు.

ఈ దశను కొంత నిదానంగా గమనించవలసి ఉంది. హనుమంతరావుకు కూడు పెట్టినది ఉర్దూ. ఆయన ఉర్దూ పత్రికలకు వ్యాసాలు రాశారు. ప్రేమ్‌చంద్ కథలను ఉర్దూ నుంచి తెలుగులోకి తెచ్చారు. ‘మల్లికాగుచ్ఛము’ అనే కథల సంపుటిని వెలువరించి తెలంగాణ తొలి కథకులలో ఒకరిగా నిలిచారు. రాజభాష మీద అంతటి అధికారం గల వ్యక్తి హాయిగా పెద్ద ఉద్యోగాలు చేసుకొంటూ కాలం గడపవచ్చు. పరభాషలో ఆరితేరడానికి ఎంత శ్రమ కావాలో, ఆ శ్రమకు తట్టుకోలేక ఎందరు పిల్లలు మధ్యలోనే బడి మానుతారో విద్యాశాఖ కొలువులో ఉన్నవానికి తెలియనిది కాదు. ఆయన ఉద్యమం ఉర్దూ మీద ద్వేషంతో పుట్టినది కాదు. పసిబిడ్డ చదువు తల్లి మాటతో మొదలు కావాలన్నదే ఆయన పట్టుదల.

హనుమకొండలో ఉన్న రోజుల్లోనే ఆయన సాహిత్య సేవ ఆరంభమైంది. హైదరాబాదులో 1901లో కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు ప్రభృతుల కృషితో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం వెలిసింది. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయం ఏర్పడినప్పుడు హనుమంతరావు అందులో శ్రద్ధతో పాలుపంచుకొన్నారు. తెలుగు పుస్తకం దొరకడమే అరుదైన ఆ కాలంలో గ్రంథాలయమే పాఠశాల అయింది.

1921 నవంబరు నెలలో జరిగిన ఒక సంఘటన ఈ కృషికి పదును పెట్టింది. హైదరాబాదులోని వివేకవర్ధినీ పాఠశాల ఆవరణలో నిజాం రాష్ట్ర సంఘసంస్కరణ మహాసభ జరిగింది. స్త్రీ విద్య కోసం జీవితాన్ని అంకితం చేసిన మహర్షి ధోండో కేశవ కార్వే పూనా నుంచి వచ్చి ఆ సభకు అధ్యక్షత వహించారు. వక్తలు ఇంగ్లీషులో, ఉర్దూలో, మరాఠీలో ప్రసంగించగా సభ్యులు ఓపికగా విన్నారు. అల్లంపల్లి వెంకటరామారావు అనే న్యాయవాది లేచి తెలుగులో మాట్లాడడం ప్రారంభించగానే సభలో కేకలు, ఈలలు చెలరేగాయి. ఆయన ప్రసంగం సాగలేదు. తెలుగువారు అత్యధికంగా ఉన్న రాజ్యపు రాజధానిలో తెలుగు మాటకు దక్కిన మర్యాద అది. ఎగతాళి చేసినవారు ప్రభుత్వాధికారులు కారు, సంస్కరణ కోరి వచ్చిన విద్యావంతులే కావడం మరింత బాధాకరం. ఆ పరాభవానికి మనసు నొచ్చుకొన్న కొద్దిమంది ఆ రాత్రే టేకుమాల రంగారావు ఇంట సమావేశమై నిజాం రాష్ట్ర ఆంధ్ర జనసంఘాన్ని స్థాపించారు. ఆంధ్ర అనే పదం నాడు తెలుగు అన్న అర్థంలోనే వాడుకలో ఉండేది. సంఘ కార్యభారాన్ని వహించినది హనుమంతరావు.

సంఘం చేసిన మొదటి పనులు చూడడానికి చిన్నవి. ఊరూరా గ్రంథాలయాలు నెలకొల్పడం, శాసనాలు సేకరించడం, బడులు పెట్టించడం, చిన్న పుస్తకాలు అచ్చు వేయించడం. ఆ పుస్తకాలలో వెట్టి చాకిరి గురించి, వర్తకుల హక్కుల గురించి, చేతివృత్తుల వారు చెల్లించే మొహతర్ఫా పన్ను గురించి సులభమైన తెలుగులో వివరించేవారు. ప్రభుత్వ నిబంధనలు ఉర్దూలో ఉన్నంత కాలం గ్రామాధికారి చెప్పినదే చట్టం. తెలుగు చదవగలిగిన ఒక్క మనిషి ఆ పుస్తకాన్ని రచ్చబండ మీద బిగ్గరగా చదివితే, ఏ చాకిరికి కూలి ఇవ్వాలో, ఏ పన్ను చెల్లించనక్కరలేదో ఊరంతటికీ తెలిసిపోయేది. అక్షరానికి అంత పని ఉంది.

దీనిని పాలకులు గమనించకపోలేదు. 1920ల దశకంలో ప్రైవేటు బడులు నడపడానికి ముందుగా ప్రభుత్వానుమతి పొందాలనే నిబంధన వచ్చింది. గ్రామాలలో పంతుళ్ళు అరుగుల మీద నడుపుకొనే వీధిబడులు సైతం ఖాన్గీ మదర్సాల పేరుతో దాని పరిధిలోకి వచ్చాయి. అనుమతి కోసం అర్జీ ఎలా రాయాలో తెలియని పంతులు బడి మూసుకొనేవాడు. ఆ విధంగా అనేక బడులు మూతపడ్డాయి. ఈ నిర్బంధాన్ని తొలగించవలసిందని హనుమంతరావు, ఆయన సహచరులు విజ్ఞప్తి మీద విజ్ఞప్తి పంపారు. అనుమతులూ, అర్జీలూ, నియమ నిబంధనలూ వకీలు చేతిలోని పనిముట్లు. వాటితోనే ఆయన పోరాడారు.

ఈ కష్టం తెలుగువారికి మాత్రమే వచ్చినది కాదు. న్యూజిలాండు దీవుల మూలవాసులైన మావోరీల కోసం అక్కడి ప్రభుత్వం 1867లో పాఠశాలల చట్టం చేసింది. బడికి స్థలం మావోరీ గ్రామమే ఇవ్వాలి. బోధన మాత్రం ఇంగ్లీషులో సాగాలి. కాలక్రమంలో బడి ఆవరణలో తమ భాష మాట్లాడిన పిల్లలకు దెబ్బలు కూడా పడ్డాయి. రెండు మూడు తరాలు గడిచేసరికి ఆ భాష తాతలకూ అవ్వలకూ మాత్రమే పరిమితమైపోయే ప్రమాదం ఏర్పడింది. చివరకు 1982లో పసిపిల్లల కోసం మావోరీ భాషా గూళ్ళను వారే నెలకొల్పుకొని, అవ్వల చేత మాటలు నేర్పించుకోవలసి వచ్చింది. తెలంగాణలో తెలుగుకు అంత దుర్దశ పట్టలేదు. ఇళ్ళలో, పాటలలో, పల్లెలలో అది సజీవంగానే ఉంది. పోయినది బడిలో స్థానం.

ఆ స్థానాన్ని బాలికల విషయంలో సాధించడానికి హనుమంతరావు 1928లో హైదరాబాదులోని నారాయణగూడలో తెలుగు మాధ్యమంలో బాలికల పాఠశాలను స్థాపించారు. ఆయన కార్యాలన్నిటిలో దీనికే మొదటి తాంబూలం ఇవ్వాలి. రాజధానిలో సంపన్న కుటుంబాల ఆడపిల్లలకు ఇంగ్లీషు చదువు చెప్పే మహబూబియా పాఠశాల 1907 నుంచి ఉంది. సామాన్య గృహస్థు కుమార్తెకు అటువంటి అవకాశం లేదు. మగపిల్లవాడు కొలువు కోసమైనా కష్టపడి ఉర్దూ నేర్చుకొంటాడు. కొలువు చేయని ఆడపిల్లకు పరభాషలో చదువెందుకని తల్లిదండ్రులు ఆమెను ఇంటనే ఉంచేవారు. చిన్ననాటనే పెండ్లి చేసే ఆచారం ఉండనే ఉంది. తెలుగులో చదువు చెబితే ఆడపిల్లలు బడికి వస్తారని హనుమంతరావు నమ్మారు.

పిల్లలు వచ్చారు. అయితే పై తరగతులు ఏర్పడేసరికి అసలు చిక్కు ఎదురైంది. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధనా భాష ఉర్దూ. ఇంగ్లీషును తోసిరాజని ఒక భారతీయ భాషలో ఉన్నత విద్య నేర్పిన విశ్వవిద్యాలయంగా దానికి దేశమంతటా ఖ్యాతి వచ్చింది. ఆ ఖ్యాతి న్యాయమైనదే. కాని స్వభాషలో చదువు అనే ఆ సూత్రం తెలుగు, మరాఠీ, కన్నడ పిల్లలకు వర్తించలేదు. తెలుగులో చదివిన బాలికలకు ఉస్మానియా గుర్తింపు దొరకలేదు. గుర్తింపు లేని బడిలో ఏండ్ల తరబడి చదివి, చివరకు చేతిలో ఒక పట్టా అయినా లేకుండా ఇంటికి పోవలసివస్తే, ఏ తండ్రి తన బిడ్డను పంపుతాడు? పట్టా కోసం బోధనా భాషను మార్చితే బడి పెట్టిన ప్రయోజనమే పోతుంది.

హనుమంతరావు ఈ రెండు దారులనూ విడిచి, రాజ్యం ఎల్ల దాటి చూశారు. కార్వే 1916లో పూనాలో స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయం మాతృభాషా బోధనను మూల సూత్రంగా స్వీకరించింది. నారాయణగూడ పాఠశాలను ఆయన దానికి అనుబంధించారు. హైదరాబాదు బాలికలు తెలుగులో చదివి, పూనా విశ్వవిద్యాలయపు పరీక్షలకు కూర్చున్నారు. ఏ మహనీయుని అధ్యక్షతన జరిగిన సభలో తెలుగు ప్రసంగం అవహేళన పాలయిందో, ఆ మహనీయుని విశ్వవిద్యాలయమే తెలుగు బాలికలకు పట్టాలిచ్చింది.

సంఘం కృషి క్రమంగా ఆంధ్ర మహాసభగా విస్తరించింది. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన ప్రథమ మహాసభ జరిగింది. దానితోపాటే నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన మహిళా సభ కూడా జరగడం విశేషం. ప్రాథమిక విద్య మాతృభాషలో సాగాలనే కోరిక ఈ సభలలో మళ్ళీ మళ్ళీ వినిపించింది. 1935లో సిరిసిల్లలో జరిగిన నాలుగవ మహాసభకు హనుమంతరావు అధ్యక్షులు. రెండేండ్లకు, 1937లో, ఆరవ మహాసభ నిజామాబాదులో సమావేశమైంది. కామారెడ్డి, ఎల్లారెడ్డి తాలూకాలున్న జిల్లా కేంద్రానికే ఈ ఉద్యమం నడిచి వచ్చిందన్నమాట. ఆ సభాధ్యక్షులు మందుముల నరసింగరావు ‘రయ్యత్’ అనే ఉర్దూ పత్రికకు సంపాదకులు. తెలుగు కోసం జరిగిన సభకు ఉర్దూ పత్రికా సంపాదకుడు అధ్యక్షుడు కావడం, ఆ తరం వారికి భాషల నడుమ వైరం లేదనడానికి చక్కని నిదర్శనం.

కాలం మారింది. యువతరానికి విజ్ఞప్తులూ, తీర్మానాలూ చాలలేదు. భూమి, వెట్టి, బాధ్యతాయుత ప్రభుత్వం అనే ప్రశ్నలు ముందుకు వచ్చాయి. హనుమంతరావును మితవాది అని విమర్శించారు. ఆ విమర్శలో కొంత నిజం లేకపోలేదు; ఆయన ప్రభుత్వంతో తలపడడం కన్న దానిని ఒప్పించడానికే ఎక్కువ ప్రయత్నించారు. 1944లో భువనగిరి మహాసభ రావి నారాయణరెడ్డి అధ్యక్షతన జరిగేనాటికి సంస్థ అతివాదుల చేతికి వచ్చి, మితవాదులు విడిపోయారు. అయినా భువనగిరికి తరలివచ్చిన జనులలో ఎందరికో తెలుగు చదువు అందించినవి, ఆ పూర్వపు రోజులలో అర్జీలు పెట్టి నిలుపుకొన్న బడులూ, గ్రంథాలయాలే.

1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానం భారతదేశంలో విలీనమైంది. హనుమంతరావు తాము నడిపిన ఉద్యమ చరిత్రను ‘తెలంగాణా ఆంధ్రోద్యమము’ అనే పేర రెండు భాగాలుగా రచించారు. నాటి స్థితిగతులను తెలుసుకోగోరేవారికి అది నేటికీ ఆధార గ్రంథం. 1951లో ఆయన హైదరాబాదు నగరానికి మేయరు అయ్యారు. 1955లో భారత ప్రభుత్వం పద్మభూషణ్ బిరుదుతో సత్కరించింది. ఆంధ్రప్రదేశ్ అవతరించిన తరువాత 1958 నుంచి 1964 వరకు శాసన మండలి అధ్యక్షులుగా ఉన్నారు. ప్రజలు మాత్రం ఈ పదవులన్నిటి కన్న ముందే ఆయనను ఆంధ్ర పితామహుడని పిలుచుకొన్నారు.

1966లో రాష్ట్ర శాసనసభ తెలుగును అధికార భాషగా ప్రకటిస్తూ చట్టం చేసింది. అది చూసే భాగ్యం హనుమంతరావుకు కలిగింది. 1970 నవంబరు 11న ఆయన కన్నుమూశారు. వివేకవర్ధినీ సభ జరిగినదీ నవంబరు నెలలోనే. నడుమ నలుబది తొమ్మిది సంవత్సరాలు గడిచాయి. నారాయణగూడలో ఆయన ప్రారంభించిన పాఠశాల మాడపాటి హనుమంతరావు బాలికోన్నత పాఠశాలగా ఆయన పేరుతో ప్రసిద్ధి పొందింది.