స్థిరవాయువును కనుగొన్న జోసెఫ్ బ్లాక్

పాఠశాల ప్రయోగశాలలో కార్బన్ డై ఆక్సైడును తయారుచేయని విజ్ఞానశాస్త్ర విద్యార్థి అరుదు. సీసాలోని పాలరాతి ముక్కలపై గరాటు గుండా సజల హైడ్రోక్లోరికామ్లాన్ని పోసిన వెంటనే బుసబుస పొంగుతూ వాయువు వెలువడుతుంది. గాలికంటె బరువైనది కావున జాడీని అడుగునుండి నింపుతుంది; మండుచున్న పుల్లను ఆర్పుతుంది; సున్నపు తేటను పాలవలె తెల్లబరుస్తుంది. ఈ పరీక్షలకు మూలపురుషుడైన మహనీయుని జీవితాన్ని మేమిక్కడ సంగ్రహంగా స్మరింపదలచాము.

జోసెఫ్ బ్లాక్ 1728లో ఫ్రాన్సు దేశమందలి బోర్డో నగరంలో జన్మించారు. తండ్రి బెల్ఫాస్టు వాస్తవ్యుడు. బోర్డోలో ద్రాక్షసారాయి వర్తకుడు. బ్లాక్ బెల్ఫాస్టులో ప్రాథమిక విద్యను ముగించి, గ్లాస్గో విశ్వవిద్యాలయంలో విలియం కలెన్ శిష్యులైనారు. 1752లో వైద్యవిద్య పూర్తిచేయుటకై ఎడింబరో చేరారు.

ఆనాడు మూత్రాశయంలోని రాళ్లతో ఎందరో దుర్భరబాధ అనుభవించేవారు. మత్తుమందు లేని ఆ కాలంలో శస్త్రచికిత్స ప్రాణాపాయకరం. సున్నపునీటితో రాళ్లను కరిగింపవచ్చునని వైద్యులు ఆశించారు. కాని ఏ సున్నం శ్రేష్ఠమన్న విషయమై ఎడింబరో ఆచార్యులలోనే తీవ్రవివాదం చెలరేగింది. ఆ వివాదంలో చిక్కుకొనక, బ్లాక్ తెల్ల మెగ్నీషియాను పరిశోధనకు ఎన్నుకొన్నారు.

దానిని కాల్చినను సున్నపునీటి వంటి ఘాటైన ద్రవం లభింపలేదు. రోగులకు ఆశించిన ఔషధమైతే చేకూరలేదు. కాని త్రాసు ఒక రహస్యాన్ని వెల్లడించింది. కాలిన మెగ్నీషియా బరువు తగ్గింది. ఆమ్లంలో కరిగిననూ పొంగలేదు. సౌమ్యక్షారంతో కలిపినపుడు పూర్వపు బరువును, పొంగే గుణాన్ని తిరిగి పొందింది. కోల్పోయినది గాలియేనని బ్లాక్ గ్రహించారు. సున్నపురాయి కాలినపుడు అగ్నికణాలు అందులో ప్రవేశించి ఘాటు కలిగిస్తాయని అప్పటి విశ్వాసం. లోనికి వచ్చినదేమియు లేదనీ, రాతిలో బంధింపబడిన గాలి వెలికిపోవుటయే కారణమనీ ఆయన నిరూపించారు. దానికే స్థిరవాయువని పేరిడినారు. 1754లో వైద్యపట్టానికై సమర్పించిన సిద్ధాంతవ్యాసంలో మొదలైన ఈ కృషి 1756లో విపులంగా ముద్రితమైనది.

మన నిశ్వాసంలోను, పులియబెట్టిన ద్రవాలలోను, బొగ్గు మండుటలోను ఇదే వాయువు వెలువడుతున్నదని సున్నపు తేట సాక్ష్యంతో ఆయన తెలుసుకొన్నారు. గాలి ఏకపదార్థమన్న అభిప్రాయం సడలింది. ఇది కర్బన, ఆమ్లజనుల సమ్మేళనమని తరువాత లావోయిజే స్పష్టపరిచారు.

1756లో గ్లాస్గోలోను, 1766లో ఎడింబరోలోను బ్లాక్ ఆచార్యపదవి నలంకరించారు. గుప్తోష్ణాన్ని కనుగొన్నదీ వారే. ఆవిరియంత్రాన్ని సంస్కరించిన జేమ్స్ వాట్ వారికి ఆప్తమిత్రుడు. అవివాహితులై, బోధనకే జీవితాన్ని అంకితం చేసి, 1799లో ఎడింబరోలో పరమపదించారు. కీర్తికాంక్ష లేని ఆ మహాశయుడు ప్రకటించిన రచనలు బహుస్వల్పం. ఉపన్యాసాలు సైతం మరణానంతరం 1803లో గాని అచ్చుకాలేదు.

కోరిన ఫలితం దక్కనినాడు త్రాసును విడిచిపెట్టక, అది చూపిన సత్యాన్ని వినయంతో స్వీకరించుటయే బ్లాక్ మనకు నేర్పిన పాఠం. ప్రయోగశాలలో సున్నపు తేట తెల్లబడిన ప్రతిసారీ ఆ పాఠాన్ని మనం గుర్తుంచుకొందుము గాక!